తడిరాయి మీద పొయ్యి

కరాళపురి కొలువుకూటంలో నేల మీద సముద్రం పరిచి ఉంది.

నిజం సముద్రం కాదు, పటం. నీలిమందులో ముంచి ఆరేసిన పట్టుబట్ట మీద వెండి జరీతో అలలు, పగడపు పూసలతో దిబ్బలు, మేలి ముత్యాలతో ముత్యపు గట్లు, బంగారు తీగతో సరిహద్దులు కుట్టిన పటం. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకుని, గవాక్షాల్లోంచి గాలి వీచినప్పుడల్లా నిజంగానే పొంగుతున్నట్టు కదిలేది. పాలరాతి స్తంభాలకు చెక్కిన మకరాల నోళ్లలోంచి పన్నీరు జారుతోంది. వింజామరలు వీచే చెలికత్తెలు గాజులు మోగకుండా మణికట్టుకు గుడ్డలు చుట్టుకున్నారు. ఆ సముద్రం మీద ఉద్దండకేతు మహారాజు చెప్పులతోనే పచార్లు చేస్తున్నాడు. మరెవరి పాదమైనా అంచుకు తగిలితే ఆ పాదం తీయిస్తాడు. పటం కుట్టిన కళాకారుడు మూలన చతికిలబడి ఉన్నాడు. అతని కుడిచేతికి బొటనవేలు లేదు. సరిహద్దు గీతను బొటనవేలంత లోపలికి కుట్టాడట, రాజుగారు లెక్క సరిచేశారు.

"ఇంకాస్త ముందుకు రండి," అన్నాడు రాజు. "అంచు మాత్రం తొక్కకండి."

గడప దగ్గర దండం పెట్టుకుని నిలబడ్డ జాలరి మొగుడూ పెళ్లాలూ జానెడు దూరం జరిగి ఆగారు. మొగుడు నల్లగా పొట్టిగా ఉన్నాడు. పెళ్లాం మొగుడికంటే మూరెడు పొడుగు, ముసుగు ముక్కు దాకా లాక్కుంది. సముద్రం మధ్యనున్న ధవళగిరి అనే రాయి మీద కాపురముండే దంపతులు కావాలని ఎన్నాళ్లుగా దండోరా వేయిస్తున్నా ఊళ్లో ఒక్క జంటా ముందుకు రాలేదు. ఆ దిక్కుగా పోయిన ఖైదీలు తిరిగి రావడం ఎవరూ చూడలేదు మరి. ఈ జంట తమంతట తామే వచ్చింది.

చదివేవాళ్ల దగ్గర దాచడం దేనికి. ఆ మొగుడు పొరుగు రాజ్యం శంఖసీమలో పడవ సరంగు పైడయ్య. ఆ ఇల్లాలు శంఖసీమ యువరాజు ఇంద్రనీలుడు. చీర కట్టడం పైడయ్య భార్య నేర్పింది. మీసం మాత్రం యువరాజు తన చేత్తో తానే తీసుకున్నాడు, ఆ బాధ ఆయనకు ఇంకా తగ్గలేదు.

"మీరు పోయేది ఎందుకో తెలుసుకుని పొండి," అంటూ రాజు దంతపు కర్రతో పటం మీద గీశాడు. ఎవరికైనా సరే తన సముద్రం చూపించడమంటే ఆయనకు మహా సరదా. "ఒడ్డు నుంచి చూపు ఆనేంత దూరం రాజజలం. అందులో పరాయివాడి తెడ్డు పడితే ఆ చేయి నాది. దాని అవతల, తెరచాప ఎత్తిన పడవ పొద్దు గుంకేలోగా పోగలిగినంత దూరం వలజలం. అందులో ఎవడైనా ప్రయాణం చేయవచ్చు, కానీ చేప నాది, ముత్యం నాది, పగడం నాది. ఇంకా అవతల అందరి నీరు. అక్కడ రాజూ లేడు, శాసనమూ లేదు. ఒకణ్ణి ఒకడు నరుక్కున్నా అడిగే దిక్కు లేదు."

"కొలత ఏడనించి మొదలెడతారు బాబూ?" అన్నాడు పైడయ్య, తెలియనట్టు.

"మనిషి కాపురమున్న చివరి నేల నుంచి. పున్నమి పోటుకు మునగకూడదు. దాని మీద పొయ్యి వెలగాలి. పొయ్యి మీద అన్నం ఉడకాలి. వండే ఇల్లాలు ఉండాలి. మా తాతలూ శంఖసీమవాళ్ల తాతలూ కలిసి ఒప్పుకున్న కట్టడి ఇది. రేపు పున్నమి. మధ్యద్వీపం నుంచి హద్దులు కొలిచే కొలపెద్ద వస్తాడు. నీ పెళ్లాం వండిన అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని ఇది నేల అంటాడు." రాజు కర్రను బంగారు తీగ మీది నుంచి ఎత్తి, పటం మధ్యలో ధవళగిరికి గుర్తుగా ఉన్న తెల్లని పూస మీద పెట్టాడు. అక్కడి నుంచి మళ్లీ కొలిచి చూపాడు. కొత్త గీత శంఖసీమ రేవు గుమ్మంలోకి వచ్చి ఆగింది.

ఇంద్రనీలుడికి ముసుగు లోపల ఒళ్లు మండిపోయింది. ఆ గీత పడితే శంఖసీమలో వల వేయడానికి దోసెడు నీళ్లు మిగలవు. రేవు దాటిన ప్రతి పడవా దొంగ పడవే, ప్రతి జాలరీ ఖైదీయే. ఊళ్లకు ఊళ్లు ఆకలితో మాడిపోతాయి.

రాజు చెప్పని మాట ఒకటి ఆ కట్టడిలోనే ఉంది. నేలంటే దేవుడు పెట్టిన నేలే. మనిషి చేత్తో పెంచిన దిబ్బ ఎంత ఎత్తున్నా నీటితో సమానం. అలా పెంచి మోసగించిన రాజు ఆ దిక్కున ఉన్న తన వలజలమంతా వదులుకోవాలి. రాజు ధవళగిరి అని పేరు పెట్టిన ఆ రాయిని శంఖసీమ జాలర్లు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తడిరాయి అనే పిలుస్తున్నారు. ప్రతి పోటుకూ మునిగేది. అలాంటిది ఈ మధ్య ఎత్తు పెరుగుతూ వచ్చింది.

ఎలా పెరిగిందో చూపించడానికే అన్నట్టు క్షారముఖుడు వచ్చాడు. కరాళపురి మాంత్రికుడు. మొహం నిండా ఉప్పు పొలుసులు, తెల్లని కనురెప్పలు, మాట్లాడినప్పుడల్లా పెదవుల మూలల నుంచి పొడి రాలేది. అతను పటం అంచు వెంట జాగ్రత్తగా నడిచాడు. రాజు చెప్పు బంగారు తీగ దగ్గరికి పోయినప్పుడల్లా మాత్రం అతని దవడ బిగుసుకుంటోంది.

"సోలెడు బియ్యం," అన్నాడు మాంత్రికుడు ఇల్లాలి ముందు మూట పెట్టి. "రెండు సోలల మంచినీళ్లు. రేపు నా చేత్తోనే కొలిచి పోస్తాను. అత్తెసరు పెట్టాలి. గంజి వార్చేది లేదు. ఆ రాతి మీద మంచినీళ్ల చుక్క పడిందా, నీ నాలుక కోసి ఉప్పులో ఊరబెడతాను."

ఇల్లాలు తలూపింది. గొంతు విప్పితే గుట్టు బయటపడుతుంది కదా.

మంచినీళ్లంటే అతనికి ఎందుకంత భయమో వాళ్లకు ముందే తెలుసు. ఊటకొండ మీది సన్యాసిని చెప్పింది. క్షారముఖుడు మనుషులను ఉప్పురాయిగా మారుస్తాడు. సముద్రపు నీరు ఆ రాయిని ఏమీ చేయలేదు. మంచినీళ్లు తగిలితే మాత్రం రాయి విడిపోతుంది, లోపలి మనిషి అరఘడియ సేపు బతికి, ఆ తర్వాత కరిగిపోతాడు. మాంత్రికుడు చస్తేనే అందరూ నిండు ప్రాణాలతో లేస్తారు. కానీ వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదు, ఎక్కడ దాచాడో ఆమెకూ తెలియదు. అందుకే వాళ్ల పన్నాగం ఒక్కటే. కొలపెద్ద ఎదుట ఒక రాయిని మనిషిగా చేసి చూపించాలి. దానికి ఒక ప్రాణం పోతుందని తెలిసే బయలుదేరారు. దూరాన ఉన్నప్పుడు ఒక ప్రాణం అన్నమాట తేలిగ్గానే అనిపిస్తుంది.

మర్నాడు పొద్దు పొడవగానే పడవ కదిలింది. నీరు నెమలి మెడలా మెరుస్తోంది. ఎగిరే చేపలు వెండి బిళ్లలు విసిరినట్టు అలల మీది నుంచి జారిపోతున్నాయి. దూరాన మబ్బుల అంచులకు కుంకుమ అంటుకుంది. తెడ్లు వేసేవాళ్లంతా సంకెళ్లతో ఉన్న ఖైదీలు. పైడయ్య ఒక్కొక్కడి చెవి వంకే చూస్తూ కూర్చున్నాడు. అతని తమ్ముడు ఎల్లన్నకు ఎడమ చెవి తమ్మె చీలి ఉంటుంది, చిన్నప్పుడు గాలం తగిలి తెగింది. వానకాలంలో వలజలం గీత దాటాడని కరాళపురి కాపలా పడవలు ఎల్లన్నను పట్టుకుపోయాయి. ఎక్కడో తెడ్డు వేస్తూ బతికే ఉంటాడని పైడయ్య నమ్మకం. ఈ పడవలో చీలిన చెవి లేదు.

"ఇంకో పడవలో ఉంటాడులే," అన్నాడు ఇంద్రనీలుడు గొంతు తగ్గించి.

"ఉంటాడు బాబూ. ఆడు మొండోడు. ఊరికే సావడు."

రాజజలం అంచు దగ్గర నీరు ఉన్నట్టుండి నల్లబడింది. క్షారముఖుడు లేచి, తెడ్డు వేసి వేసి చేతులు వణుకుతున్న ముసలి ఖైదీ సంకెల విప్పాడు. ముసలాడు తనను వదిలిపెడుతున్నారనుకుని రెండు చేతులూ జోడించాడు. అలా జోడించి ఉండగానే మాంత్రికుడు అతన్ని కాలితో నీళ్లలోకి తోశాడు. అడుగు నుంచి ఒక తల లేచింది. పడవంత తల, నత్తగుల్లలు పట్టిన దవడలు, రెప్పలు లేని కళ్లు. దాన్ని సొరభూతం అంటారు, గీత కాపలా దాని పని. ముసలాడు కేక వేయడానికి కూడా వ్యవధి లేకపోయింది. ఇంద్రనీలుడి చేయి కుచ్చిళ్ల మధ్య దాచిన బాకు మీదికి పోయింది. పైడయ్య ఆ చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"దానికి దారి బలి ఇవ్వాలి," అన్నాడు క్షారముఖుడు చేతులు దులుపుకుంటూ. "తెడ్డు వేయలేనివాడు ఎలాగూ బరువే."

మిగతా ఖైదీలు తలలు వంచుకుని తెడ్లు వేశారు. వచ్చేసారి ఎవరి వంతో వాళ్లు అప్పుడే లెక్క వేసుకుంటున్నారు.

తడిరాయి కనిపించింది. దూరం నుంచి చూస్తే ఎవరైనా మెచ్చుకుని తీరాలి. పాలనురుగు గడ్డకట్టినట్టు తెల్లగా, ఎండకు తళతళమంటూ, సముద్రం మధ్య ఒంటరిగా లేచి ఉంది. దగ్గరికి పోయేకొద్దీ ఆ తెలుపు మీద పచ్చటి గుగ్గిలం పూత కనిపించింది. పడవల చీలికలకు పూసే గుగ్గిలమే. వాన చినుకు రాతికి తగలకుండా శిఖరం నుంచి నీటిమట్టం దాకా మందంగా పూయించారు. పూత కింద మెట్లున్నాయి. పైడయ్య మొదటి మెట్టు మీద కాలు పెట్టి చటుక్కున తీసేశాడు. అది మోకాలు. రెండో మెట్టు ఒక వీపు. ఆ పైన ఒకరి భుజాల మీద ఒకరు, ఒకరి ఒళ్లో ఒకరు, కట్టెలు పేర్చినట్టు పేర్చిన మనుషులు. కొన్ని నోళ్లు తెరుచుకునే ఉన్నాయి. ఆ నోళ్లలోనూ గుగ్గిలం పోశారు.

"అదే మీ ఇల్లు," అన్నాడు క్షారముఖుడు పడవలోంచే, శిఖరం మీది తాటాకు గుడిసె చూపించి. "రాళ్ల కోసం వెతుక్కోనక్కర లేదు. పొయ్యి నేనే అమర్చిపెట్టాను. మంటకు అంటుకుంటుందని ఆ మూడింటికీ గుగ్గిలం పూయించలేదు. మంట ఆరనీయకండి." తర్వాత ఏదో మంచి సంగతి గుర్తొచ్చినట్టు నవ్వాడు. "రాయి అయినంత మాత్రాన నొప్పి పోదు. వాళ్లకు అన్నీ తెలుస్తుంటాయి."

నీళ్లు కొలిచి కుండలో పోసి, కుండ అందించి, అతను పడవ వెనక్కు తిప్పించాడు. పోటు సమయంలో రాతి మీద కాపురస్తులు తప్ప రాజు మనుషులెవరూ ఉండకూడదు, అది కూడా కట్టడిలోదే.

గుడిసె ముందు పొయ్యి ఉంది. మూడు పొయ్యిరాళ్లు. మూడూ తలలే. మెడల దాకా రాతిలో కూరుకుపోయి, మూడూ లోపలికి మొహాలు పెట్టుకుని, మధ్యలో పేర్చిన పుల్లల వంక చూస్తున్నాయి. ఎడమవైపు తలకు చెవి తమ్మె చీలి ఉంది.

పైడయ్య మోకాళ్ల మీద కూలబడ్డాడు. చీలిన ఆ చెవిని వేలితో తడిమి చూశాడు. గాలం తగిలిననాడు రక్తం ఆగేదాకా ఆ చెవిని నోట్లో పెట్టుకుని కూర్చున్నది తనే.

"పైడయ్యా," అన్నాడు ఇంద్రనీలుడు. కత్తిసాములో, గుర్రపు స్వారీలో ఆయనకు చదువు చెప్పినవాళ్లు ఇలాంటి చోట ఏం మాట్లాడాలో చెప్పలేదు.

"పొయ్యి ముట్టించాల బాబూ," అన్నాడు పైడయ్య లేచి. "పోటు లేస్తంది."

"ఈ తలల మధ్య నేను మంట పెట్టలేను."

"నాను పెడతాను. మంట లేపోతే అన్నం లేదు. అన్నం లేపోతే కొలపెద్ద రాయెక్కడు. రాయెక్కకుండా పోతే ఈల్లని ఆయనకి సూపించేదెవరు?"

అతనే చెకుముకి రాయి కొట్టాడు. పుల్లలు అంటుకున్నాయి. ఎల్లన్న చెంప మీద మంట వెలుగు పడింది. పైడయ్య చేతులు అడ్డం పెట్టి ఆ మంటను వీలైనంత అవతలికి తోశాడు. అప్పుడు పక్కనున్న తల నల్లబడింది. అతను చేతులు వెనక్కు తీసుకున్నాడు.

"ఇప్పుడు బియ్యం మూట ఇలా ఇయ్యండి," అన్నాడు. సోలెడు బియ్యంలోంచి గుప్పెడు తీశాడు, ఇంకో గుప్పెడు తీశాడు, రెండూ నడుముకు చుట్టిన గుడ్డలో కట్టుకున్నాడు. "సగానికి సగం తగ్గింది. రెండు సోలల నీళ్లు ఇది తాగలేదు. గంజి మిగులుద్ది. ఆడెప్పుడూ కుండ మొకం సూసినోడు కాడు. నీళ్లన్నీ అన్నంలోకే పోతాయనుకుంటాడు. పచ్చినీళ్లు ఇడిగా దాస్తే మటుకు నావ మీంచే కనిపెట్టేస్తాడు."

"గంజి పనిచేస్తుందంటావా?"

"గంజీ మంచినీళ్లే కదా. ఉప్పెయ్యలేదు గదా."

"కాగిన గంజి," అన్నాడు ఇంద్రనీలుడు. ఆ మాట అనగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడలేకపోయారు. గుగ్గిలం పూయనివి ఆ మూడు తలలే. గంజి పోసేది వాటిలో ఒకదాని మీదే. అదీ ఒక్కదానికే సరిపోతుంది.

"పైడయ్యా, విను. మిగతా ఇద్దరిలో ఒకరి మీద పోద్దాం. మీ తమ్ముణ్ణి వదిలేద్దాం. మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో కనిపెట్టాక అందరితోపాటు లేస్తాడు."

పైడయ్య పుల్ల ఎగదోశాడు. "ఆల్లెవులో నాకు తెల్దు బాబూ. ఆల్లకీ అన్నలుంటారు. పరాయోడి తమ్ముణ్ణి సంపనీకి నానెవుణ్ణి? నా తమ్ముణ్ణయితే అడగగలను. ఆడు నా మాట ఇంటాడు."

పోటు లేచింది. పున్నమి సముద్రం ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ వచ్చింది. మోకాలు మునిగింది, వీపు మునిగింది, భుజాలు మునిగాయి. నీటి మధ్య మిగిలింది ఒక గుడిసె, ఒక పొయ్యి. అన్నం ఉడుకు పట్టింది. ముత్యపు చిప్పలాంటి తెల్లని పడవలో కొలపెద్ద ధ్రువపాలుడు వచ్చాడు. అతనికి కుడి పక్కన ఉద్దండకేతు నావ, అందులో రాజూ మాంత్రికుడూ విలుకాళ్లూ. ఎడమ పక్కన శంఖసీమ మంత్రి చిన్న పడవ. మధ్యద్వీపంవాళ్లు ఆయుధం ముట్టరు, అబద్ధం ఆడరు. కొలిచిన కొలత ఏ రాజుకు కోపం తెచ్చినా మార్చరు. అందుకే వాళ్ల మాటకు ఇరుపక్షాలూ కట్టుబడతాయి.

ధ్రువపాలుడు ఒక్కడే రాతి మీదికి ఎక్కాడు. ముసలివాడు, కొలతాడు మెడలో జంధ్యంలా వేసుకున్నాడు. పోటు నీరు తన పాదానికి తగలకపోవడం చూశాడు. గుడిసె చూశాడు. మంట చూశాడు.

"ఎవరి కాపురం ఇది?"

"మాదే బాబూ," అన్నాడు పైడయ్య.

"రాయి దేవుడు పెట్టిందేనా?"

"తమరే సూడండి. ముందు అన్నం తినాల గదా." పైడయ్య ఇల్లాలి వైపు తిరిగాడు. "ఒసే సుక్కా, కుండ దించు. గంజి వార్చు."

నావ మీద క్షారముఖుడు తుళ్లిపడ్డాడు. "వార్చకు," అని అరిచాడు. ఆ అరుపు అందేసరికే ఇల్లాలు కొంగుతో కుండ పట్టుకుని వంచేసింది. పొగలు కక్కుతున్న గంజి చీలిన చెవి మీద, నుదుటి మీద, తెరిచిన కళ్ల మీద పడింది.

తెలుపు బుసబుసమంటూ నురుగెత్తి జారిపోయింది. కింద నల్లని చర్మం వచ్చింది. కనురెప్పలు కొట్టుకున్నాయి. ఆ తల కేక పెట్టింది, మనిషి పెట్టే కేకే. మెడ కింద రాయి రాయిగానే ఉంది. పై భాగం మాత్రం కాలిన చర్మంతో, వాచిన పెదవులతో ఎల్లన్న.

ధ్రువపాలుడు నాలుగడుగులు వెనక్కు వేశాడు. శంఖసీమ మంత్రి పడవలో లేచి నిలబడ్డాడు. విలుకాళ్లు కూడా విల్లు దించి చూస్తుండిపోయారు.

"ఒరే తమ్మీ," అన్నాడు పైడయ్య ఆ తల ముందు నేల మీద పడుకుని, కళ్లు కళ్లకు ఎదురుగా వచ్చేలా. "నానే పోసేన్రా. నానే. అరఘడియే ఉంది. ఈ పెద్దాయనకి సెప్పు. తరవాత నన్ను తిట్టుకో."

ఎల్లన్న అన్నను చూశాడు. గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఏటి సెప్పాల?"

"నువ్వెవరు?" అన్నాడు ధ్రువపాలుడు.

"శంఖసీమ జాలారిని. ఎల్లన్న. వలజలంలో పట్టుకున్నారు. ఇది రాయి కాదయ్యా. మొత్తం మేమే. కిందనున్నోల్లు శానా కాలం నించి ఉన్నారు, ఆల్ల పేర్లు నాకు తెల్దు. ఆడు మమ్మల్ని ఒకడి మీద ఒకణ్ణి నిలబెట్టి మంత్రం ఏసేడు. గుగ్గిలం గోకి సూసుకోండి."

కొలపెద్ద వంగి తన కొలతాడు కొసనున్న ఇనుప గోటితో పూత గీకాడు. వేళ్లు కనిపించాయి. మళ్లీ గీకాడు, ఒక స్త్రీ ముక్కు కనిపించింది. ఆయన నిటారుగా లేచి నిలబడ్డాడు.

"ఇది నేల కాదు," అన్నాడు నావలన్నిటికీ వినపడేలా. "మనిషి చేత్తో, మనుషులతో పెంచిన దిబ్బ. కట్టడి ప్రకారం ఇది నీరు. ఉద్దండకేతు ఈ దిక్కున తన వలజలం వదులుకున్నాడు. నా కాలి కింద ఉన్నది ఈ క్షణం నుంచి అందరి నీరు."

శంఖసీమ గెలిచింది. రేవు గుమ్మంలోకి రాబోయిన గీత వెనక్కు పోయింది. చిన్న పడవలో మంత్రి ఏడుస్తూ చేతులు జోడించాడు. ఆ చేతులు జోడించి ఉండగానే ఉద్దండకేతు నవ్వడం మొదలుపెట్టాడు.

"బాగా చెప్పావు కొలపెద్దా," అన్నాడు. "అందరి నీరు. రాజు లేడు, శాసనం లేదు. ఇక్కడ నరికినా అడిగే దిక్కు లేదు. అంతేగా?"

ధ్రువపాలుడి మొహం పాలిపోయింది. అబద్ధం ఆడకూడదు కాబట్టి అవునన్నాడు.

"అయితే నువ్వు దిగి వెళ్లు. నిన్ను ముడితే మధ్యద్వీపం నాకు మళ్లీ కొలవదు. కొలవాల్సిన రాళ్లు నాకింకా ఉన్నాయి." రాజు చేయి ఎత్తాడు. విలుకాళ్లు విల్లులు ఎక్కుపెట్టారు. మొదటి బాణాల వరస శంఖసీమ మంత్రి పడవ మీద పడింది. జోడించిన చేతులు అలాగే ఉండగా ఆయన నీళ్లలోకి ఒరిగిపోయాడు. కొలపెద్ద తల వంచుకుని తన పడవ ఎక్కాడు. ఆయుధం ముట్టనివాడు అంతకంటే ఏం చేయగలడు. పడవ దూరమవుతుంటే మాత్రం ఒక్కసారి కూడా వెనక్కు తిరిగి చూడలేదు, అందుకు నాకు ఆయన మీద ఇప్పటికీ కోపమే.

ఇంద్రనీలుడు ముసుగు లాగి అవతల పారేశాడు. మీసం లేని ఆ మొహాన్ని ఉద్దండకేతు గుర్తుపట్టి ఇంకా గట్టిగా నవ్వాడు. రెండో వరస బాణాలు తాటాకు గుడిసెను చీల్చాయి. యువరాజు కుండ మీది ఇనుప మూకుడు అడ్డం పెట్టుకుని పైడయ్య ముందు నిలబడ్డాడు. క్షారముఖుడు వేళ్లతో నీటి మీద ఏదో గీశాడు. రాజజలం అంచు దిక్కున నల్లని మడత ఒకటి లేచి రాయి వైపు బయలుదేరింది. గీత కాపలా కాసే సొరభూతాన్ని ఇక్కడ ఆపడానికి ఇప్పుడు ఏ గీతా లేదు.

ఎల్లన్న గడ్డం అప్పటికే మెత్తబడి జారుతోంది.

"అన్నా," అన్నాడు. "రాయికి శెవులుంటాయని ఆడు మరిసిపోయేడు. రాత్రులు ఈడ కూకుని గొప్పలు సెప్పుకునేవోడు. ఆడి పానం రాజు పటంలో ఉంది. సరిహద్దు కుట్టిన బంగారు తీగ. ఆ తీగ లాగేస్తే సస్తాడు. ఈల్లంతా లేస్తారు."

"ఇన్నాను," అన్నాడు పైడయ్య. "బాబు కూడా ఇన్నారు. ఇంకేటి?"

"ఆకలేస్తంది. పట్టుకున్నకాడి నించి ఏటీ తిన్లేదు. అన్నం వాసన కొడతంది."

పైడయ్య కుండలోంచి వేడి ముద్ద తీసి ఊది చల్లార్చి, తమ్ముడి నోట్లో పెట్టాడు. ఎల్లన్న నమిలాడు. నమలడం దాకా బాగానే ఉంది. మింగబోతే గొంతు కింద అంతా రాయి, ముద్ద దిగలేదు. అతను అన్న వంక చూసి దిగిందన్నట్టు తలూపబోయాడు. ఆ ఊపుకు చెంపలు కరిగాయి, తర్వాత కళ్లు, ఆ తర్వాత చీలిన చెవి. ఉప్పునీళ్లు పొయ్యిలోకి జారి మంట ఆర్పేశాయి. తల ఉన్నచోట నమిలిన అన్నం ముద్ద మిగిలింది.

పైడయ్య నడుం గుడ్డ విప్పాడు. దాచిన బియ్యం అలాగే ఉన్నాయి. చచ్చినవాడి నోట్లో పోయాల్సిన బియ్యం పోయడానికి నోరు లేదు. ఆ ముద్ద మీదే రెండు గుప్పెళ్లూ పోశాడు. అల ఒకటి వచ్చి అంతా తీసుకుపోయింది.

"లెగండి బాబూ," అన్నాడు మొహం తుడుచుకోకుండానే. "ఆ తీగ ఏడుందో తెలిసింది గదా."

నావ మీద మూడో వరస బాణాలు ఎక్కుపెట్టారు. సొరభూతం దవడలు తెరుచుకుని రాతికి బారెడు దూరంలో లేచాయి. ఆ నోటి వెనక ఉద్దండకేతు నావ, ఆ నావ పోయే దారిలో కరాళపురి. ఇంద్రనీలుడు బాకు పళ్ల మధ్య కరుచుకున్నాడు. చీర కుచ్చిళ్లు గోచీగా బిగించాడు. పైడయ్య చేయి పట్టుకుని, వెనకడుగు వేయకుండా, ఎవరికీ చెందని ఆ నీటి మీది నుంచి భూతం తల మీదికి దూకాడు.